వాషింగ్ మెషీన్లకు విలువ కట్టేదెవరు?

ఉతికినవాళ్ళను అడక్కుండా ఉతుకు చరిత్ర రాయొచ్చునా? రాయొచ్చు. రాశారు కూడా. దానికి మ్యూజియం కట్టారు, పుస్తకం వేశారు, ఒక్కొక్క మెషీన్‌కు ఇది మేలు ఇది నాసి అని విలువ కట్టే పద్ధతులు ఏర్పరచుకున్నారు. అమెరికాలో పాత వాషింగ్ మెషీన్లను, బట్టలారబెట్టే డ్రైయర్లను వెతికి తెచ్చి, విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ నడిపించేవాళ్ళు చాలామందే ఉన్నారు. తపాలా బిళ్ళలో నాణేలో పోగేసినట్టే ఇదీ ఒక వ్యాపకం. కాకపోతే ఇందులో నూనె మరకలు, నడుంనొప్పి ఎక్కువ.

దళిత అధ్యయనాల పత్రికలో అమెరికావాళ్ళ పాత మెషీన్ల ఊసెందుకని అడిగేవాళ్ళుంటారు. ఎవరి మైల ఎవరు ముట్టాలి, ఎవరి బట్ట ఎవరు ఉతకాలి అన్న ప్రశ్న మనకు కొత్తదైతే ఆ మాట ఒప్పుకునేవాళ్ళం. మేము ఈ సేకరణల గురించి చదువుతున్నప్పుడు మాకు తట్టిన సందేహం ఒక్కటే. మెషీన్‌లోని ప్రతి మరనూ ఎరిగిన ఈ మనుషులకు, ఆ మెషీన్ ఎవరి పనిని తీసుకుందో ఆ మనుషులు ఎందుకు కనబడలేదు?

ముందు వాళ్ళ పని చూద్దాం. తెలియకుండా విమర్శించే అలవాటు అగ్రకుల పండితులకుంది, మనకెందుకు?

సేకర్త పాత మెషీన్ మూత తీసి మొదట చూసేది తొట్టిని. ఎనామెల్ పెచ్చు లేచిందా, లేచినచోట తుప్పు లోపలికి పాకిందా అని వేలితో తడిమి చూస్తాడు. మోటారు మార్చొచ్చు, బెల్టు మార్చొచ్చు. తొట్టికి చిల్లుపడితే మాత్రం ఆ మెషీన్ ఇంక విడిభాగాలకే పనికొస్తుంది. తర్వాత గేర్లపెట్టె నుంచి నూనె కారుతోందా, నీళ్ళను ఆపే రబ్బరు సీలు గట్టిపడి పగిలిందా అని చూస్తాడు. ఇంకా పాతదైతే, తడిబట్టలు పిండే రెండు రబ్బరు రోలర్లు ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి నొక్కుకుని చదునుబడి పోయాయా అని చూస్తాడు. రంగు కంపెనీ వేసిందేనా, తర్వాత పూసిందా? పేరు పలక ఉందా, దానిమీద పేటెంటు తేదీలు చదవొస్తాయా? ఇవన్నీ సరిపడ్డాక అసలు పరీక్ష. నీళ్ళు పోసి, సబ్బు వేసి, నిజంగానే ఉతికి చూస్తాడు. బట్ట అడుగు నుంచి పైకి తిరిగొస్తోందా, ఒకచోటే సుడి తిరుగుతోందా అని దగ్గర నిలబడి గమనిస్తాడు.

ఈ పరీక్షలో పంతాలు కూడా ఉన్నాయి. అయోవా రాష్ట్రం న్యూటన్ ఊళ్ళోని మేటాగ్ కంపెనీ 1922లో తెచ్చిన గైరాఫోమ్ మెషీన్‌కు తొట్టి అడుగునుంచి లేచే రెక్కల అజిటేటర్ ఉండేది. బట్టను నీళ్ళలో ఈడ్చడం మాని, నీళ్ళనే బట్టల్లోంచి తోయడం దాని సూత్రం. కరెంటు లేని పల్లెలకు మేటాగ్ చిన్న పెట్రోలు ఇంజను బిగించి ఇచ్చేది. కాలితో తొక్కి స్టార్టు చేసి, పొగగొట్టం బయటికి పెట్టుకోవాలి. ఆ ఇంజన్లను మాత్రమే పోగేసేవాళ్ళు వేరే ఉన్నారు. 1937లో వచ్చిన బెండిక్స్ తనంతట తానే నింపుకుని, ఉతికి, జాడించి, తిప్పి పిండేది. కానీ ఆ ఊపుకు నిలవలేదు, నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. జనరల్ మోటార్స్ వారి ఫ్రిజిడేర్ 1947లో పక్కలకు తిరిగే అజిటేటర్ బదులు పైకీ కిందికీ కొట్టుకునే దాన్ని పెట్టింది. ఇది మేలా అది మేలా అన్న తగువు సేకర్తల మధ్య ఇప్పటికీ తెగలేదు. రోలర్ల మేటాగులు 1983 దాకా తయారయ్యాయి. కంపెనీని 2006లో వర్ల్‌పూల్ కొనేసింది, 2007లో న్యూటన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఊరివాళ్ళకు పాత మేటాగ్ అంటే పోయిన ఉద్యోగాల గుర్తు కూడా. అది మనకు అర్థంకాని బాధేమీ కాదు.

డ్రైయర్ల సంగతి ఒక్కమాటలో చెప్పేయొచ్చు. 1930ల చివర విస్కాన్సిన్‌లోని హామిల్టన్ కంపెనీ డ్రైయర్‌ను ఇళ్ళకు అమ్మబోతుంటే, డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్ తలుపుకు గాజు కిటికీ పెట్టించాడు. లోపల రంగురంగుల గుడ్డలు గిరగిర తిరుగుతూ కనబడితేనే జనం కొంటారని. అంటే ఆరే బట్టకంటే ఆరడం చూసే కన్ను ముఖ్యమయింది. సేకరణ కూడా చాలామటుకు ఆ కిటికీలోంచే చూస్తోందని మా అభిప్రాయం.

ఈ వ్యాపకంలో పెద్దపేరు లీ మాక్స్‌వెల్. కొలరాడోలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ప్రొఫెసరుగా పనిచేసి రిటైరైనాయన. 1980ల నడుమ మొదలుపెట్టి ఈటన్ అనే చిన్న ఊళ్ళో వెయ్యికి పైగా మెషీన్లతో మ్యూజియం నిలబెట్టారు. ఆయన చేసిన ఒక పని మాకు చాలా నచ్చింది. కరెంటు వాషింగ్ మెషీన్ కనిపెట్టింది అల్వా ఫిషర్ అని పుస్తకాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటూ వచ్చాయి. ఫిషర్‌కు పేటెంటు వచ్చింది 1910లో. మాక్స్‌వెల్ పాత పేటెంట్లు, పాత ప్రకటనలు తిరగేసి, కరెంటు మెషీన్లు అంతకు ఏళ్ళ ముందే అమ్ముడయ్యాయని చూపించారు. అచ్చులో ఉంది గనక నిజమే అనుకోకుండా వస్తువు దగ్గరికి, కాగితం దగ్గరికి వెళ్ళి అడగడం, ఇదే గదా మనం కూడా చేయాలనుకునే పని.

మరి అంత అడిగినాయన తన 2003 నాటి పుస్తకానికి పెట్టిన పేరేమిటి? తెలుగులో చెప్పుకుంటే, ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడండి అని. ఉతుకు చాకిరీ ఆడవాళ్ళను చంపింది, మెషీన్ బతికించింది అన్న భావం. హాన్స్ రోస్లింగ్ అనే స్వీడన్ ప్రొఫెసరు కూడా 2010లో ఒక ఉపన్యాసంలో ఇదే చెప్పాడు. ఇంటికి మెషీన్ వచ్చాక అమ్మకు తీరిక దొరికింది, నన్ను లైబ్రరీకి తీసుకుపోయింది, నేను ప్రొఫెసరునయ్యాను అని. ఆయన అమ్మ విషయంలో అది నిజమే, కాదనం. కానీ "ఆడవాళ్ళు" అని ఒక్క ముద్దగా అంటే మాకు అనుమానం వస్తుంది. ఏ ఆడవాళ్ళు? మనదేశంలో స్త్రీవాదుల్ని దళిత స్త్రీలు అడిగిన ప్రశ్నే ఇది.

అమెరికా దక్షిణాదిలో, బానిసత్వం పోయిన తర్వాత, తెల్ల ఇల్లాలు బట్టలుతుక్కోలేదు. కాస్త ఓపికున్న ఇంటినుంచి కూడా వారంవారం మూట కట్టి నల్ల చాకలామె ఇంటికి వెళ్ళేది. సోమవారం మూట తెచ్చి, నీళ్ళు మోసి, కాగుల్లో ఉడకబెట్టి, గాళ్ళుగాళ్ళ రేకుపలక మీద రుద్ది, జాడించి, గంజిపెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి శనివారం అప్పజెప్పేది. తెల్లోళ్ళ ఇంట్లో ఉండి చేసే పనికంటే దీన్నే చాలామంది ఎంచుకున్నారు. ఎందుకంటే తన వాకిట్లో, తన పిల్లల మధ్య, యజమానురాలి కంటికి దూరంగా చేసుకోవచ్చు. బానిసత్వం ఎరిగినవాళ్ళకు ఆ దూరం విలువ తెలుసు.

1881 జులైలో అట్లాంటాలో ఈ చాకలి స్త్రీలు సంఘం పెట్టుకున్నారు. మొదట ఇరవై మంది. మూడు వారాలకు మూడు వేలు. ఇంటింటికీ తిరిగి, చర్చీల్లో సభలు పెట్టి సమ్మెకట్టారు. పన్నెండు పౌన్ల బట్టలకు ఒక డాలరు రేటు కావాలన్నారు. కొందర్ని జైల్లో పెట్టారు, జరిమానాలు వేశారు. నగర కౌన్సిలు, ఉతికేవాళ్ళు ఏడాదికి ఇరవై అయిదు డాలర్లు కట్టి లైసెన్సు తీసుకోవాలన్న ప్రతిపాదన తెచ్చింది. ఆ స్త్రీలు మేయరుకు ఉత్తరం రాశారు. కడతాం, కట్టాక ఊరి ఉతుకంతా మా చేతికే రావాలి, మా రేటుకే ఉతుకుతాం అని దాని సారాంశం. కౌన్సిలు ఆ లైసెన్సు ఆలోచన మానుకుంది. టెరా హంటర్ 1997లో అచ్చయిన తన చరిత్ర గ్రంథంలో ఇదంతా వివరంగా రాసింది.

మన విషయానికి పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. సమ్మె జరుగుతుండగానే ఊరి పెట్టుబడిదారులు ఆవిరి మెషీన్లతో పెద్ద లాండ్రీ పెడతామని, దానికి పన్ను మాఫీ చేయమని ముందుకొచ్చారు. మెషీన్ ఎవరి ప్రాణం కాపాడటానికి వచ్చిందో ఇక్కడ చూడండి. అట్లాంటాలో దాన్ని ఆడవాళ్ళ మీదికే తెచ్చారు. ఉతకనన్న ఆడదానికి జవాబుగా తెచ్చారు. 1880ల నాటి ఆవిరి లాండ్రీ పరికరం ఒకటి సేకర్తకు దొరికితే ఇత్తడి అమరికలు, పోత ఇనుము నాణ్యం రాసుకుంటాడు. అది ఏ సమ్మె ఏడాదిదో రాసుకోవాలని తోచదు. తోచకపోవడం ఆయన ఒక్కడి తప్పు కాదు. విలువ కట్టే కాగితంలో ఆ గడి లేదు.

రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ఇంటిపనుల చరిత్ర రాస్తూ తేల్చిందేమిటంటే, మెషీన్ ఇంటికి వచ్చాక చాకలామె పోయింది, పని ఇల్లాలి మీదికి వచ్చింది, బట్టలు మరీ తరచుగా ఉతకాల్సి వచ్చింది. మధ్యతరగతి తెల్ల స్త్రీ వైపు నుంచి ఆ పుస్తకం చాలా గట్టిది. పోయిన చాకలామె ఎక్కడికి పోయింది, మూటలు ఆగాక ఏం తిన్నది అన్నది దాని ప్రశ్న కాదు. అది మనం అడగాలి.

ఇక పేరు పలక సంగతి. సేకర్తకు అదే వేదం. పేటెంటు నంబరు, తేదీ, పేరు చూసి వంశవృక్షం గీస్తాడు. వాషింగ్టన్ నగరంలో ఎలెన్ ఎగ్లిన్ అనే నల్లజాతి స్త్రీ బట్టలు పిండే పరికరం ఒకటి కనిపెట్టి, 1888లో పద్దెనిమిది డాలర్లకు ఒక ఏజెంటుకు అమ్మేసింది. ఎందుకమ్మావని అడిగితే, నల్లదాని పేరు మీద ఉందని తెలిస్తే తెల్ల దొరసానులు కొనరని చెప్పింది. స్త్రీ ఆవిష్కర్తల కోసం నడిచిన ఒక పత్రికలో 1890లో ఈ సంగతి వచ్చింది గనక మనకు తెలిసింది. ఆమె పేరు ఏ పలక మీదా లేదు. అంటే సేకర్త నమ్ముకున్న సాక్ష్యమే ఆమెను తుడిచేసిన సాక్ష్యం. ఆ కాలపు రోలర్ల పరికరం ఏది చేతికొచ్చినా, పలక మీద ఉన్న పేరు కనిపెట్టినవాడిదా కొనుక్కున్నవాడిదా అని ఒక్కసారి ఆగి అడగకుండా విలువ కట్టడం, పేటెంటు చట్టానికి వత్తాసు పలకడమే.

ఇక్కడ మనవైపు కూడా ఒక మాట అనుకోవాలి. నల్లజాతి ఆవిష్కర్తల జాబితాల్లో డ్రైయర్ కనిపెట్టింది జార్జ్ శాంప్సన్ అని ఉంటుంది. ఆయనకు 1892లో పేటెంటు వచ్చిన మాట నిజం. పొయ్యి వేడికి బట్టలారే చట్రం అది, అప్పటికే ఉన్నవాటికి మెరుగు. మొట్టమొదటిదని ఊదరగొట్టక్కర్లేదు. ఫిషర్ గురించి వాళ్ళ కట్టుకథను విప్పినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళం, మన జాబితాలను కూడా అదే నీళ్ళలో ముంచి చూసుకోవాలి.

వేర్పాటు కాలంలో దక్షిణాది లాండ్రీలు కొన్ని "తెల్లవాళ్ళ బట్టలే ఉతుకుతాం" అని బోర్డులు పెట్టుకున్నాయి. ఆలోచించండి. తెల్లోడి మురికిని నల్లచేతులు ముట్టొచ్చు. నల్లోడి చొక్కా తెల్లోడి చొక్కాతో ఒక తొట్టిలో మునగకూడదు. ఈ లెక్క మనకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊళ్ళో చాకలోళ్ళు పెద్దకులాల ముట్టుబట్టలు, పురిటిబట్టలు, చావుబట్టలు ముట్టారు. జీడిరసంతో ఇంటింటికీ ఒక గుర్తు పెట్టి, చౌడుమట్టితో ఉబ్బపెట్టి, రేవులో బండకేసి ఉతికారు. మా వాడకు మాత్రం రాలేదు. మా బట్టలు మా అమ్మలే ఉతికారు, అదీ దిగువ నీళ్ళలో. చాకలోళ్ళను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. గీత గీసింది వాళ్ళు కాదు, దాటితే ఊరు వాళ్ళనే కొట్టేది. వెట్టి చేయించుకున్న దొరల మీద నిలబడ్డ ఐలమ్మ కూడా ఆ కులం మనిషే. తిరునెల్వేలి ప్రాంతంలో అంటరానివాళ్ళ బట్టలుతికే పురద వన్నాన్‌లు పగలు కంటబడటమే మైల అని, రాత్రిళ్ళు పనిచేసుకునేవాళ్ళని 1932లో పత్రికకెక్కింది. అంబేద్కర్ దాన్ని ఎత్తి చూపాడు. మైలను వదిలించే చేయి ఎవరిదో, ఆ చేతికి కూడా దక్కనివాళ్ళెవరో చెప్పకుండా ఉతుకు చరిత్ర చెబితే, అది సబ్బు కంపెనీ ప్రకటన అవుతుంది.

చివరగా, సేకర్తలు తమ కొలతల్లో చేర్చుకోవాల్సిన ఒక విలువకట్టు గురించి. మిసిసిపీ రాష్ట్రం హాటీస్‌బర్గ్‌లో ఓసియోలా మెకార్టీ అనే చాకలామె ఉండేది. 1908లో పుట్టింది. జబ్బుపడ్డ పిన్నిని చూసుకోవడానికి ఆరో తరగతిలో బడి మానేసి మూటలు పట్టింది. 1960లలో ఆమె కూడా వాషింగ్ మెషీను, డ్రైయరు కొనుక్కుంది. అమెరికన్ మెషీన్లలో సేకర్తలు ప్రాణంపెట్టే కాలం అది. కొన్నాళ్ళు ఉతికి చూసింది. తెలుపు తన తెలుపులా రాలేదు, జాడింపు తన జాడింపులా లేదు. రెండింటినీ ఎవరికో ఇచ్చేసి, మళ్ళీ కాగు, రేకుపలక, బయట కట్టిన తీగల దగ్గరికి వెళ్ళిపోయింది.

సేకర్త ఇనప్పెట్టె ముందు నిలబడి చేసే పరీక్షే ఆమె చేసింది. ఉతికి చూసింది. తేడా ఎక్కడంటే, ఆమె దగ్గర కొలబద్ద ఉంది. ఉడికిన తెల్లబట్ట చేతికి ఎలా తగలాలో, సబ్బు పోయిన నీళ్ళు ఎలా ఉండాలో కొన్ని వేల మూటల మీద నేర్చుకున్న కొలబద్ద. బట్ట పైకీ కిందికీ ఎంత అందంగా తిరిగిందని ఆమె చూడలేదు. తిరగడం ఆగాక మరక ఉందా లేదా అని చూసింది. కొందరనొచ్చు, అది అలవాటు, మొండితనం అని. ఇంజనీరు కాదంటే పరీక్షా, చాకలామె కాదంటే మొండితనమా?

అలాగని చేతి ఉతుకును నెత్తికెత్తుకోవడం మా ఉద్దేశం కాదు. శ్రమలో అందముందని పాడేది శ్రమ చేయనివాళ్ళే. మెకార్టీ ఎనభయ్యారేళ్ళ వయసులో పని మానేసింది, వేళ్ళ కీళ్ళు వాచి చేతులు పనిచేయక. ఆ కొలబద్దకు ఆమె చెల్లించిన ఖరీదు అది. మెషీన్ రావాల్సిందే. మా అమ్మల చేతులు చూసినవాళ్ళం, రావద్దని మేమెట్లా అంటాం? వచ్చిన మెషీన్ ఎవరి ముందు పరీక్షకు నిలబడాలన్నదే గొడవ.

ఆమె మూటలమీద దాచిన దాంట్లోంచి 1995లో సదరన్ మిసిసిపీ యూనివర్సిటీకి లక్షా యాభై వేల డాలర్లు రాసిచ్చింది, చదువుకోలేని నల్లపిల్లల స్కాలర్‌షిప్పుల కోసం. 1965 దాకా నల్లోళ్ళను చేర్చుకోని యూనివర్సిటీ అది. అప్పుడు ప్రపంచమంతా ఆమె దానాన్ని పొగిడింది, అధ్యక్షుడు పతకమిచ్చాడు, హార్వర్డ్ గౌరవ డాక్టరేటిచ్చింది. ఉతుకులో ఆమె నిపుణత గురించి ఎవరూ అడిగినట్టు లేదు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం గనక ఆ డబ్బు బరువు మాకు తెలుసు. అయినా దానికంటే ఆమె తిప్పికొట్టిన ఆ రెండు మెషీన్ల సంగతే మా పనికి దగ్గరది.

మ్యూజియంలో ఒక్కొక్క మెషీన్ పక్కన అట్టముక్క ఉంటుంది. కంపెనీ, ఊరు, ఏడాది, పేటెంటు. దానికింద రెండు వరుసలకు చోటుంటే చాలు. ఈ మెషీన్ రాకముందు ఆ ఊళ్ళో ఈ పని ఎవరు చేసేవాళ్ళు, మూటకెంత అడిగేవాళ్ళు. అట్లాంటా విషయంలో రెండో వరుస నింపడానికి వెతుకులాట కూడా అక్కర్లేదు. పన్నెండు పౌన్లకు ఒక డాలరు అని ఆ స్త్రీలే రాసిపెట్టారు.